పేదఱికము కాపాడిన యిండ్లు

పాతయిల్లు చెక్కుచెదరక నిలుచుటకు యజమానుని సంపదయే కారణమని మనము తలంతుము. ఇంగ్లాండు దేశమున సఫక్ మండలమందలి లావెనమ్ అను చిన్న సంతపట్టణపు చరిత్ర చదివిన పిమ్మట మే మీ యభిప్రాయమును మార్చుకొనవలసివచ్చినది.

1257వ సంవత్సరమున మూడవ హెన్రీ రాజు ఈ యూరికి సంత జరుపుకొను హక్కు నొసగెను. పిదప ఉన్నిబట్టల వర్తకమువలన ఊరు వర్ధిల్లెను. ఇచ్చటి నీలిరంగు మందపుబట్ట ఓడలపై దూరదేశములకు పోయెడిది. ఆ నీలము మన నీలిమొక్కనుండి వచ్చినది కాదు. వోడ్ అను మొక్క ఆకులను పులియబెట్టి తీసినది. అయినను రెంటియందలి రంగుపదార్థ మొక్కటియే. 1524వ సంవత్సరపు పన్నుల లెక్కను బట్టి యీ చిన్నయూరు ఆ దేశపు ధనికపట్టణములలో 14వది. వర్తకులలో మేటియైన థామస్ స్ప్రింగు 1523లో మరణించుచు చర్చిగోపురము కొఱకు 200 పౌనులు వ్రాసిపెట్టెను. 141 అడుగుల యా గోపురము నేటికిని ఊరికి దూరమునుండియే కానవచ్చును.

వర్తకుని పేరు గోపురమువలన నిలిచినది. ఆ బట్టకు నూలు వడికినవారి పేర్లు మాత్రము మనకు తెలియవు. వారిలో పెక్కండ్రు స్త్రీలు. ఒక్క మగ్గమునకు చాలినంత నూలు సమకూర్చుటకు పలువురు వడుకవలసియుండెను. ఇంటిపనియు, బిడ్డలపెంపకమును ముగించుకొని వడికిన దానికి దొరకిన కూలి స్వల్పము. 1525లో ఎనిమిదవ హెన్రీ రాజు పార్లమెంటు సమ్మతి లేకయే యుద్ధవ్యయమునకై క్రొత్త పన్ను విధింపగా, వర్తకులు కూలి యీయజాలమని పనివాండ్రను మాన్పించిరి. వేలకొలది జనులు లావెనములో గుమిగూడిరి. చర్చిగంటలు మ్రోగినతోడనే అందఱును చేరవలెనని సంకేత మేర్పఱచుకొనగా, ఒక ధనికుడు ముందుగనే గంటల నాలుకలను తీసివైచెనని కథ కలదు. ఏమైన నేమి, తుదకు రాజే పన్ను మానుకొనవలసివచ్చెను.

ఇక ఆ యిండ్లను గూర్చి. అవి ఱాతియిండ్లు కావు. ఓకు కలపతో చట్రము నిలిపి, నడుమ తడికలల్లి, మన పల్లెలందువలెనే గడ్డి కలిపిన బంకమట్టి మెత్తి, సున్నము పూసిరి. ఎండిన ఓకును చెక్కుట కష్టము గనుక పచ్చికలపనే వాడిరి. అది నిలిచినచోటనే యెండుచు మెలిదిరుగుటచే కొన్ని యిండ్లు ప్రక్కకు వంగినవి. ఒకదానికి వంకరయిల్లనియే పేరు!

16వ శతాబ్దపు ఉత్తరార్ధమున డచ్చి శరణార్థులు కాల్చెస్టరు పట్టణమున పలుచనివి, చవుకవియునగు బట్టలు నేయసాగిరి. లావెనపు బరువుబట్ట నడుగువారు తగ్గిరి. కలిగినయూళ్లలో జనులు పాతయిండ్లు పడగొట్టి యిటుకలతో క్రొత్తవి కట్టుకొనిరి. ఇచ్చటివారికి ఆ స్తోమత లేకపోయెను. అందువలన నేడు 300లకు పైగా కట్టడములు రక్షితములుగా నున్నవి. 1530 ప్రాంతమున కట్టిన గిల్డు భవనము మాత్రము, వర్తకుల విందులు ముగిసిన పిమ్మట, చెఱసాలగను పేదలయాశ్రమముగను మాఱెను. ఆశ్రమమను మాట మెత్తనిదే గాని, అందు చేరుట ఎవ్వరికిని ఇష్టము కాదు. 1951 నుండి అది నేషనల్ ట్రస్టు అధీనమున నున్నది.

షిల్లింగు వీథిలోని యొక యింట జేన్ టేలరను నామె బాల్యమున నివసించెను. మన పిల్లలు బడిలో పాడు చిన్నిచుక్క ఆంగ్లగేయము ఈమె రచనయే, 1806లో అచ్చయినది.

కలపయిల్లు చీలలు తీసిన విడిపోవును. ఈ సౌకర్యమే 15వ శతాబ్దపు ఉన్నిభవనమునకు ముప్పు తెచ్చెను. 20వ శతాబ్దారంభమున విక్టోరియా రాణి కుమార్తె లూయీజు దానిని విప్పించి ఆస్కాటునకు తరలింప పూనుకొనెను. రాకుమారి కోరినపుడు కాదనుట సామాన్యము కాదు. అయినను ఊరివారు మొఱపెట్టి దానిని తిరిగి రప్పించి, పూర్వస్థానముననే నిలుపుకొనిరి. ఇప్పుడది ప్రక్కనున్న హోటలులో భాగమై, బాటసారులకు భోజనము పెట్టుచున్నది.