నమూనా విమానమునకు తూకము

రేడియో సంకేతములతో నడచు నమూనా విమానము ఎగురునో, కూలునో చాలవరకు నేలమీదనే తేలిపోవును. దాని గరిమనాభి తగినచోట నుండవలెను. దీర్ఘచతురస్రాకారపు రెక్కలుగల సామాన్యమైన నమూనాలో ఆ చోటు, రెక్క ముందు అంచునుండి రెక్క వెడల్పులో సుమారు 25 మొదలు 33 శాతము దూరమున నుండును.

బ్యాటరీతో సహా అన్నియు అమర్చిన పిదప, ఆ చోట రెక్కల క్రింద రెండు వ్రేళ్లు ఆనించి విమానమును ఎత్తి చూడవలెను. ముక్కు కొంచెము వాలిన భయము లేదు. తోక వాలినచో ప్రమాదము. ఏలయన, గాలి విసురుకు ముక్కు పైకి లేచినపుడు రెక్కలు, తోక కలిసి అదనముగా పైకెత్తు బలమును కలిగించును. ఈ అదనపు బలము గరిమనాభికి వెనుక పనిచేసినచో ముక్కును దించును. ముందు పనిచేసినచో మరింత పైకెత్తును. అపుడు విమానము అదుపు తప్పును.

దీనిని సరిచేయుటకు మొదట బ్యాటరీని ముందుకు జరుపవలెను. అది చాలనిచో ముక్కులో సీసపు ముక్కను అమర్చవలెను. ఎంత సీసము? తరగతిలో నేర్చిన భ్రామకముల సూత్రమే చెప్పును. ఉండవలసిన గరిమనాభికి 60 సెంటీమీటర్ల వెనుక 10 గ్రాములు ఎక్కువైనచో, 20 సెంటీమీటర్ల ముందు 30 గ్రాములు కావలెను: 10 × 60 = 30 × 20. కనుక తోకను తేలికగా కట్టుటయే మేలు. ఈ విమానములో అక్కడ తగ్గిన ప్రతి గ్రాము, ముక్కులో మూడు గ్రాముల సీసమును తప్పించును.