నీట్ పోయినవాళ్ల చదువేనా పబ్లిక్ హెల్త్?

ఇంటర్ ఫలితాలొచ్చే రోజుల్లో పబ్లిక్ హెల్త్ డిగ్రీ గురించి మన ఇళ్లల్లో వినపడే మాటలే ఈ అపోహలు.

అపోహ: ఎంబీబీఎస్ సీటు రాకపోతే చేరే కోర్సు ఇది.

వాస్తవం: ఉద్దానం సంగతే తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు జీడి, కొబ్బరి తోటల మధ్య ఊళ్లవి. షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. డయాలసిస్‌తో ప్రాణం నిలబెట్టేది డాక్టర్లే. అయితే ఏ ఊళ్లో జబ్బు ఎక్కువ, పక్క ఊళ్లో ఎందుకు తక్కువ? ఏ బోరు నీళ్లు తాగారు, ఎండలో ఎన్ని గంటలు వంగి పనిచేశారు, ఏ పురుగుమందులు కొట్టారు? ఇవి తేల్చడానికి పబ్లిక్ హెల్త్ చదివినవాళ్లు ఇంటింటికీ తిరిగి అడగాలి, జబ్బు రానివాళ్లతో పోల్చి చూడాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడ రోగి ఊరే. ఊరి నాడి పట్టుకునే ఈ విద్యను మిగిలిపోయిన సీటు అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: లెక్కలంటే భయమున్నవాళ్లకు హాయి.

వాస్తవం: 500 మంది ఉన్న ఊళ్లో 10 కేసులు, 5,000 మంది ఉన్న ఊళ్లో 20 కేసులు. ముందు ఎక్కడికి పరుగెత్తాలి? మొదటి ఊరికే. జబ్బు అక్కడ అయిదు రెట్లు ఎక్కువ. బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ ఈ చదువుకు వెన్నెముక. లెక్కలు తప్పించుకుందామని వచ్చినవాళ్లు మొదటి ఏడాదే ఇబ్బంది పడతారు.

అపోహ: చివరికి పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఈ డిగ్రీతో పెట్టుకోకూడదు. మందులూ రాయకూడదు.

అపోహ: డిగ్రీ చేతికొస్తే జిల్లాలో సర్కారు కొలువు ఖాయం.

వాస్తవం: ఈ ఆశ పెట్టి పిల్లల్ని చేర్పించడం అన్యాయం. జిల్లా ఎపిడెమియాలజిస్టు వంటి పోస్టులకు మామూలుగా ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) గానీ వైద్యంలో పీజీ గానీ అడుగుతారు. జాతీయ ఆరోగ్య మిషన్ కొలువుల్లో చాలావరకు కాంట్రాక్టువే. కాబట్టి ఎంపీహెచ్ దాకా చదవాలనే లెక్కతోనే చేరడం మంచిది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ కోర్సుంది.

డిగ్రీతోనే దొరికే పనులూ ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో సర్వేలు, సమాచార విశ్లేషణ అలాంటివే. క్షయ నిర్మూలన కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీతో పాటు టూ వీలర్ లైసెన్సు కూడా అడుగుతారు. ఎందుకంటే, ఆరు నెలలు వాడాల్సిన మందుల్ని దగ్గు తగ్గిందని రెండో నెలకే మానేసేవాళ్లు ఉంటారు. వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, ఒప్పించి, మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాలి.