మూత్రపిండ మార్పిడియు క్యాన్సరు భయమును

మూత్రపిండములు రెండును చెడిన రోగికి మరియొకరి మూత్రపిండము నమర్చి బ్రదికించుట నేడు వింత కాదు. 1954 డిసెంబరులో బోస్టను నగరమున జోసెఫ్ మర్రీ ఒక కవల సోదరుని మూత్రపిండమును రెండవవానికి అమర్చి తొలి విజయమును సాధించెను. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ చికిత్స మొదటిసారి సఫలమయ్యెను. చోళపురం, రాజపాళయం వాసులకును నేడది అందరానిది కాదు. అయితే చికిత్స పొందినవారును, వారి యింటివారును తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు.

కవలల శరీరతత్త్వ మొకటే గనుక ఆనాటి అవయవము నిలిచెను. ఇతరుల విషయ మట్లు కాదు. రక్తమందలి రక్షకకణములు పరాయి అవయవమును శత్రువుగా నెంచి నాశనము చేయజూచును. కావున అమర్చిన మూత్రపిండము పనిచేయునంత కాలము ఆ కణముల బలమును తగ్గించు మందులను వాడుచుండవలెను. కాని శరీరమున తలయెత్తు క్యాన్సరు కణములను, కొన్ని క్యాన్సరులకు మూలమైన వైరసులను అణచునవియు ఆ రక్షకకణములే. కావలివాడు కునుకు తీసిన చేనిలో పశువులు పడుట సహజము గదా!

1969లోనే అమెరికాలోని డెన్వరు వైద్యులు ఇట్టి రోగులలో లింఫు గ్రంథుల క్యాన్సరును గూర్చి ప్రకటించిరి. ఈ చికిత్సలో తొలినుండి వాడబడిన అజథయోప్రిను, రక్తక్యాన్సరు మందైన మెర్కాప్టోప్యూరిను నుండి పుట్టినదే. అట్టి దానిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ క్యాన్సరు కలిగించు ద్రవ్యములలో చేర్చెను.

మొత్తముమీద ఈ రోగులకు క్యాన్సరు భయము సామాన్య జనులకంటె రెండు మొదలు నాలుగు రెట్లు అధికము. తెల్లజాతివారిలో చర్మపు క్యాన్సరు మిక్కుటము. మనవారిలో అది తక్కువ. కాని లింఫు గ్రంథులు, పాత మూత్రపిండములు, కాలేయము, గర్భాశయ ముఖద్వారము మొదలగు తావులందు మనవారికిని జాగ్రత్త అవసరము. పొగాకు నమలువారికి నోటి క్యాన్సరు భయము వేరుగా నుండనే యున్నది.

ఇది విని భీతిచే మందు మానుట మహా ప్రమాదము. మానినచో అమర్చిన మూత్రపిండమే చెడును. మోతాదు తగ్గించుటయు, మందు మార్చుటయు వైద్యుని పని. మానని నోటిపుండు, మెడలోగాని చంకలోగాని గడ్డ, కారణము తెలియని జ్వరము, బరువు తగ్గుట, మూత్రమున రక్తము కనబడినచో ఆలస్యము చేయరాదు. ఏమియు లేకున్నను వైద్యుడు చెప్పిన కాలమునకు పరీక్షలు చేయించుకొనవలెను. స్త్రీలు గర్భాశయ పరీక్షను మరువరాదు. పొగాకును పూర్తిగా విడువవలెను.

తన మూత్రపిండము నిచ్చి బిడ్డను బ్రదికించుకొన్న తల్లులెందరో కలరు. ఆ దానమును నిలుపుకొనుటకు మందు ఎంత ముఖ్యమో, మెలకువయు నంతే ముఖ్యము.