గగనతల నియంత్రణకు డిగ్రీలోనే పునాది
గణితం, భౌతికశాస్త్రం రెండూ ఉంటేనే ఏటీసీ కొలువుకు అర్హత

గన్నవరం: విమానాన్ని నడిపేది పైలట్ అయినా, అది రన్‌వేపైకి ఎప్పుడు రావాలో, ఎంత ఎత్తులో ప్రయాణించాలో, ఎప్పుడు దిగాలో నిర్దేశించేది నేలపై ఉండే విమాన రాకపోకల నియంత్రణాధికారి (ఏటీసీ). ఈ కొలువుకు గ్రామీణ డిగ్రీ కళాశాలల విద్యార్థులు సైతం పోటీపడవచ్చు. అయితే డిగ్రీలో చేరే రోజున ఎంచుకునే సబ్జెక్టులే ఈ అర్హతను నిర్ణయిస్తాయన్న సంగతి చాలామందికి తెలియడం లేదు.

నియామకం ఏఏఐ ద్వారానే
దేశంలో పౌర విమానయాన నియంత్రణాధికారులను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ (ఏఏఐ) నియమిస్తుంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని ప్రైవేటు సంస్థ నిర్వహిస్తున్నా అక్కడి నియంత్రణాధికారులు ఏఏఐ ఉద్యోగులే. జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఏటీసీ) హోదాలో 2022లో 400, 2023లో 496, 2025లో 309 పోస్టులకు ప్రకటనలు వెలువడ్డాయి. వాయుసేన, నౌకాదళాలు తమ అధికారులను వేరుగా ఎంపిక చేసుకుంటాయి. ప్రైవేటు శిక్షణ సంస్థలు ఇచ్చే ధ్రువపత్రాలతో ఈ ఉద్యోగం లభించదు.

అర్హతలు
గణితం, భౌతికశాస్త్రాలతో మూడేళ్ల రెగ్యులర్ బీఎస్సీ పూర్తిచేసి ఉండాలి. ఇంజినీరింగ్‌లో ఏ శాఖ వారైనా అర్హులే. కాకపోతే ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ రెండు సబ్జెక్టులూ చదివి ఉండాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ తీసుకున్నవారు భౌతికశాస్త్రం లేనందున అవకాశం కోల్పోతారు. గరిష్ఠ వయసు 27 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది.

ఎంపిక విధానం
కంప్యూటర్ ఆధారిత పరీక్షలో రెండు గంటల వ్యవధిలో 120 ప్రశ్నలకు సమాధానాలు రాయాలి. సగం ప్రశ్నలు గణితం, భౌతికశాస్త్రాల నుంచి, మిగిలిన సగం ఇంగ్లిష్, తార్కిక శక్తి, అంకగణితం, సామాన్య విజ్ఞానం నుంచి వస్తాయి. తప్పు సమాధానాలకు మార్కుల కోత లేదు. ఇందులో నెగ్గినవారికి ధ్రువపత్రాల పరిశీలన, స్వర పరీక్ష, మానసిక సామర్థ్య పరీక్ష, మాదకద్రవ్య పరీక్ష, వైద్య పరీక్షలు ఉంటాయి. రంగులను గుర్తించగల చూపు తప్పనిసరి.

మాట తడబడితే ముప్పే
స్వర పరీక్షకు ఎందుకంత ప్రాధాన్యమో 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ వద్ద జరిగిన దుర్ఘటన చెబుతుంది. సౌదీ, కజకిస్థాన్ విమానాలు గగనతలంలో ఢీకొని 349 మంది మృతిచెందారు. కజకిస్థాన్ విమానం తనకు నిర్దేశించిన ఎత్తు కంటే కిందికి దిగడమే ప్రమాదానికి కారణమని విచారణలో తేలింది. ఆ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడాన్నీ విచారణ ఎత్తిచూపింది. అందుకే తెలుగు మాధ్యమంలో చదివినవారు వ్యాకరణంతో సరిపెట్టుకోకుండా స్పష్టంగా వినడం, విన్నదాన్ని తడబడకుండా తిరిగి పలకడం డిగ్రీ తొలి ఏడాది నుంచే సాధన చేయాలి.

శిక్షణ, వేతనం
ఎంపికైనవారికి ప్రయాగ్‌రాజ్‌లోని పౌర విమానయాన శిక్షణ కళాశాలలోనో, హైదరాబాద్, గోండియా కేంద్రాల్లోనో శిక్షణ ఇస్తారు. అనంతరం నియమితులైన విమానాశ్రయంలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి అర్హత సాధించాలి. మరో విమానాశ్రయానికి బదిలీ అయితే అక్కడి పరిస్థితులపై మళ్లీ అర్హత పొందాల్సిందే. మూలవేతనం రూ.40,000తో మొదలవుతుంది, భత్యాలు అదనం. రాత్రి విధులు, దూరప్రాంతాల్లో నియామకాలకు సిద్ధపడి ఉండాలి.

ప్రకటనలు ఏఏఐ వెబ్‌సైట్‌లో వెలువడతాయి. నిబంధనలు మారే అవకాశం ఉన్నందున ప్రతి ప్రకటననూ పూర్తిగా చదివిన తర్వాతే దరఖాస్తు చేయాలి. ఇంటర్ ముగించిన విద్యార్థులు మాత్రం డిగ్రీలో చేరే ముందే తమ కోర్సులో భౌతికశాస్త్రం ఉందో లేదో కళాశాలలో అడిగి నిర్ధారించుకోవడం మేలు.