మనవాళ్లు ఏ ఊళ్లో ఎందరు?

న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీ చుట్టుపక్కల పెరిగే పిల్లలకు ఎడిసన్ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. 2010 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో నూటికి 28 మంది భారతీయులు. కౌంటీ మొత్తం తీసుకుంటే నూటికి 13 మందే. అదే కౌంటీలో పెర్త్ ఆంబాయ్‌కి వెళ్తే వీధుల్లో వినిపించేది ఎక్కువగా స్పానిష్, మనవాళ్లు బాగా తక్కువ. ఒకే కౌంటీలో ఇంత తేడా ఎందుకుందో మీ అమ్మానాన్నల్ని అడిగితే వాళ్ల కారణాలు వాళ్లు చెబుతారు. మెట్రోపార్క్‌లో రైలెక్కితే న్యూయార్క్ ఉద్యోగానికి పోవచ్చు, ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు దగ్గర్నుంచి పెళ్లిచీర దాకా దొరుకుతుంది, బడులు బాగుంటాయి, ముందొచ్చిన బాబాయివాళ్లు అక్కడే ఉన్నారు.

నేను పెరిగింది గుడియాత్తంలో. తమిళనాడులో వేలూరుకు పడమరగా ముప్పై కిలోమీటర్ల దూరంలో, కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఊరు. కైలీలు నేస్తారు, అగ్గిపెట్టెలు చేస్తారు. కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక 1954లో శాసనసభకు ఎన్నికైంది ఇక్కణ్నుంచే. ఆ నది పుట్టింది ఆంధ్రలో, పలమనేరు వైపు కొండల్లో. మా ఊరి తెలుగు కూడా చాలావరకు ఆ వైపు తెలుగే. వేలూరును మా పెద్దలు రాయవేలూరు అనేవాళ్లు, చిత్తూరు జిల్లాలో ఇప్పటికీ అంటారు. ఎడిసన్, పెర్త్ ఆంబాయ్‌ల గురించి మీరు అడిగే ప్రశ్నే వేలూరు జిల్లా గురించీ అడగాలని నా కోరిక. ఇక్కడ తెలుగువాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు, ఎందుకున్నారు?

ఎందుకన్న దానికి ఒక్క జవాబు చాలదు.

మొదటిది పాత కథ. వేలూరు కోటను పదహారో శతాబ్దంలో విజయనగర సామంతులైన నాయకులు కట్టించారు. ఇక్కడి చిన్న బొమ్మ నాయకుడే అప్పయ్య దీక్షితులకు ఆశ్రయమిచ్చినవాడు. తళ్లికోట యుద్ధం తర్వాత ఆరవీటి రాజులు రాజధానిని పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి, చివరికి వేలూరుకు మార్చుకుంటూ వచ్చారు. రాజు కదిలితే ఒక్కడే కదలడు. సైనికులు, సేద్యగాళ్లు, వర్తకులు, నేతగాళ్లు, పురోహితులు, చెప్పులు కుట్టేవాళ్లు అందరూ కదిలారు. తమిళనాడు పొడుగునా కనిపించే నాయుళ్లు, రెడ్లు, కోమట్లు, దేవాంగులు, తెలుగు మాట్లాడే అరుంధతీయులు చాలామంది అలా ఆ కాలంలోనూ, ఆ తర్వాతా దక్షిణాదికి దిగినవాళ్ల సంతతే. నాలుగు వందల ఏళ్లు దాటినా ఇంట్లో తెలుగు విడవని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో మన సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు వీళ్లే గుర్తొస్తారు. అమెరికాలోని తెలుగు సంఘం తానా పుట్టింది 1977లో, అంటే మన సంఘాల వయసు ఇంకా యాభై ఏళ్లే.

రెండోది నాకు మరీ ముఖ్యంగా తోచే కథ. ఈ జిల్లాలో చాలామంది తెలుగువాళ్లు ఎక్కణ్నుంచీ రాలేదు. వాళ్ల ఊరు ఉన్నచోటే ఉంది, గీత వచ్చి పక్కన పడింది. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. గుడియాత్తం, పలమనేరు, చిత్తూరు, వేలూరు అన్నీ ఆ ఒక్క జిల్లావే. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు వేరే జిల్లా అయింది, ఉత్తర ఆర్కాటు కచేరీ వేలూరుకు చేరింది. అప్పటికి రెండూ మద్రాసు రాజధానిలోవే కాబట్టి జనానికి పెద్దగా తెలియలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆ జిల్లా గీతే రాష్ట్రాల సరిహద్దు అయింది. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రంలో, తెచ్చుకున్న ఊరు ఇంకో రాష్ట్రంలో. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాలూ ఊళ్లు మార్చుకున్నాయి. పటాస్కర్ సూత్రం ప్రకారం ఊరే కొలమానం. ఏ ఊళ్లో ఏ భాష వాళ్లు ఎక్కువ, ఆ ఊరు ఏ రాష్ట్రానికి ఆనుకుని ఉంది అని చూసి తేల్చారు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. ఎంత జాగ్రత్తగా గీసినా ఏ గీతా అందరినీ తమ భాషవాళ్ల వైపు ఉంచలేదు. అప్పుడు అటు మిగిలినవాళ్లు, ఇటు మిగిలినవాళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నారు.

అందుకే ఈ జిల్లాలో తెలుగు వినాలంటే ఉత్తరానికి పోవాలి. పాలారు నదికి దక్షిణాన వేలూరు, ఉత్తరాన కాట్పాడి. కాట్పాడి నుంచి చిత్తూరు రోడ్డులో క్రిస్టియన్‌పేట దాకా, గుడియాత్తం నుంచి చిత్తూరు పోయే దారిలో పరదరామి దాకా, పేర్ణాంబట్టు నుంచి వి.కోట ఘాటు దాకా ఊళ్లలో తెలుగు సాగుతుంది. పేర్ణాంబట్టు పట్టణంలోకి వస్తే తోలు వ్యాపారం, ఉర్దూ మాట. ఆంబూరు, వాణియంబాడి కూడా అంతే, అవి 2019లో జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు తిరుపత్తూరు జిల్లాలోకి పోయాయి. ఈ ప్రాంతాన్ని పాత ఉత్తర ఆర్కాటు పటం ముందు పెట్టుకుని చూస్తేనే బాగా అర్థమవుతుంది.

మూడోరకం వాళ్లు వచ్చిపోయేవాళ్లు. వేలూరులోని సీఎంసీ ఆసుపత్రికి వైద్యం కోసం రాయలసీమ నుంచి వచ్చి, చుట్టుపక్కల లాడ్జీల్లో గది తీసుకుని, కిరసనాయిలు పొయ్యి మీద అన్నం వండుకుంటూ వారాలు గడిపిన కుటుంబాలు మీ బంధువుల్లోనే ఉండి ఉంటాయి. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1984లో కాట్పాడిలో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ నేటి వీఐటీ. అక్కడి తెలుగు విద్యార్థుల్లో ఎందరో తర్వాత అమెరికా వచ్చారు. మీ నాన్నో, మీ పిన్నో ఆ కాలేజీవాళ్లు కావచ్చు. వాళ్లు వేలూరులో నాలుగేళ్లున్నా పరదరామి వైపు తెలుగు పల్లెలు ఉన్నట్టు చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక అంకెలు. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల 34 వేలు, అంటే నూటికి 5.87. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2017లో సుమారు 4 లక్షల 15 వేలు. అంటే మనకు పదింతలు తమిళనాడులో ఉన్నారు. అయినా అక్కడ తెలుగు చదవడం, రాయడం తగ్గిపోతూ వస్తోంది.

దీన్ని నేను కళ్లారా చూసింది గుడియాత్తం బస్టాండులో. పలమనేరు పోయే ఆంధ్రా బస్సు నిలబడి ఉంది, ముందు బోర్డు మీద ఊరి పేరు తెలుగులో పెద్దగా రాసి ఉంది. కాలేజీ వయసు అబ్బాయి ఒకడు ఆ బోర్డు కిందే నిలబడి నన్ను అడిగాడు.

"అన్నా, ఈ బస్సు పలమనేరుకు పోతాదా?"

"పోతాది, ఎక్కు నాయనా. ఎవురింటికి?"

"మా మేనత్తోళ్ల ఊరు. అవ్వను చూసొచ్చేదానికి పోతా ఉండా."

ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. మా అమ్మ మాట్లాడే తెలుగే. బోర్డు మీదున్న అయిదు అక్షరాలు మాత్రం వాడికి రావు, ఎందుకంటే ఆ అక్షరాలు నేర్పే తరగతి వాడికి అందలేదు.

మనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారన్న లెక్క ప్రాణం పోసుకునేది ఇక్కడే. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు కలిసి ఒక నియమం పెట్టుకున్నారు. ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో చదువు చెప్పాలి. 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలని చెబుతుంది. ఆ ఏడాదే కేంద్రం ఇచ్చిన పత్రం ప్రకారం ఒక తాలూకాలోనో మునిసిపాలిటీలోనో నూటికి 15 నుంచి 20 మంది ఒక భాషవాళ్లుంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోనూ వేయాలి. చూశారా, 42 లక్షలన్న అంకె ఈ నియమాల్లో ఎక్కడా పనికిరాదు. ఒక బడి నడక దూరంలో సరిపడా పిల్లలున్నారా అన్నదే లెక్క. వెయ్యి తెలుగు కుటుంబాలు వంద ఊళ్లలో చెదిరి ఉంటే తరగతి లేదు. యాభై కుటుంబాలు ఒక్క ఊళ్లో ఉంటే ఉంది.

2006లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసి ఒకటో తరగతి నుంచి అందరికీ తమిళం తప్పనిసరి చేసింది. ఏటా ఒక్కో తరగతికి పెంచుతూ పోయి 2016లో పదో తరగతి పరీక్షల దాకా తెచ్చింది. ఉన్న నేల భాష నేర్చుకోవాలన్న దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. తమిళం రాకుండా గుడియాత్తంలో బతకడం ఎలా? నా గోడు వేరే. తమిళం పక్కన తెలుగు కూడా నిలబడేందుకు చోటు ఉండాలి. అల్పసంఖ్యాక భాషలవాళ్లు మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. మళ్లీ మళ్లీ కోర్టు వాకిట్లో నిలబడి సంపాదించుకునే చదువు చిన్నపిల్లలకు ఏం ధైర్యమిస్తుంది?

ఇంతమంది ఉంటేనే అనే అంకెల గీత అమెరికాలో కూడా ఒకటుంది. వోటు హక్కుల చట్టంలోని 203వ సెక్షన్ ప్రకారం, ఒక కౌంటీలో ఒక భాషాసమూహానికి చెందిన వోటువయసు పౌరుల్లో ఇంగ్లీషు బాగా రానివాళ్లు 10,000 దాటినా, నూటికి 5 దాటినా, అక్షరాస్యతకు సంబంధించిన మరో షరతు కూడా కుదిరితే, వాళ్ల భాషలో బ్యాలెట్ ఇవ్వాలి. 2021 డిసెంబరులో మిడిల్‌సెక్స్ కౌంటీ భారతీయుల లెక్కతో ఆ గీత దాటింది, బ్యాలెట్ గుజరాతీలో వచ్చింది. ఎడిసన్‌లో కూడుకున్న జనం కౌంటీ అంకెను పైకి తెచ్చారు. వారాంతపు తెలుగు బడికి మాత్రం కౌంటీ లెక్క చాలదు. శనివారం పొద్దున ఒక అమ్మ కారులో ఇరవై నిమిషాల్లో తీసుకురాగలిగిన పిల్లలెంతమంది అన్నదే దానికి లెక్క. ఎడిసన్‌లో తరగతి నిండుతుంది, పెర్త్ ఆంబాయ్‌లో ఉన్న ఒక్క తెలుగు పాపకు తోడు దొరకదు.

మీలో పటాలు గీయడం, డేటాతో ఆడుకోవడం వచ్చినవాళ్లున్నారు. అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు. భారత జనగణనలో మాతృభాష లెక్కలు తాలూకాల వారీగా దొరుకుతాయి. మీ కౌంటీకి ఒక పటం, వేలూరు జిల్లాకు ఒక పటం గీసి పక్కపక్కన పెట్టండి. తెలుగు బడి ఎక్కడుంటే ఎక్కువమంది పిల్లలకు అందుతుందో గుర్తుపెట్టండి. వచ్చే సంచికకు పంపితే వేస్తాం.

భారత జనగణన మళ్లీ 2027లో జరుగుతోంది, మార్చి 1 దానికి ఆధార తేదీ. లెక్కలు రాసుకునేవాళ్లు ఇంటికొచ్చి మాతృభాష ఏదని అడుగుతారు. చదువు తమిళంలో సాగింది కాబట్టి తమిళమనే చెప్పేస్తే, ఆ ఇంటి తెలుగు ఏ బడి లెక్కలోకీ రాదు. గుడియాత్తంలో మా చిన్నాన్నకు ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాను. మీకు వేలూరు, కాట్పాడి, హోసూరు, కోయంబత్తూరు, ఎక్కడ తాతయ్య, అవ్వ ఉన్నా, మీరూ ఒకసారి ఫోన్ చేయండి.