కలకండయుఁ బెరుగును

బిడ్డలు మాధ్యమిక పాఠశాలలోఁ గణసిద్ధాంతమును జదువుదురు. జీవులన్నియుఁ గణనిర్మితములు, జీవమునకుఁ గణమే మూలప్రమాణము, ప్రతికణమును బూర్వకణమునుండియే పుట్టును. ఈ మూఁడు వాక్యములను వారు తడఁబడక యొప్పగింతురు. పిమ్మట "ఇసుకరేణువులోను ఇట్టి కణము లున్నవా?" యని యడిగి చూడుఁడు. మే మడిగినపుడు ఉన్నవనిన పిల్లలే యెక్కువ.

ఇందు బిడ్డల దోషముకంటె మాట దోషమే యధికము. మన భాషలోఁ గణమనఁగా నలుసు. అగ్నికణము, జలకణము అందుము. పదార్థములను గూర్చిన పాఠమునందును ఈ మాటయే వచ్చును. ఇంగ్లీషునందలి సెల్లు అను మాటకో, చిన్నగది యని యర్థము. 1665లో రాబర్టు హుక్ సీసా బిరడాలకు వాడు బెండును బలుచగాఁ గోసి, సూక్ష్మదర్శినిలోఁ జూచి, అందలి గదులకు ఆ పేరు పెట్టెను. అతఁడు చూచినవి మృతకణముల గోడలు మాత్రమే.

1838లో ష్లైడెన్ వృక్షములయందును, 1839లో ష్వాన్ జంతువులయందును గణనిర్మాణమును జెప్పిరి. అయినను, పాకమునఁ గలకండపలుకులు గట్టినట్లు ద్రవమునుండి క్రొత్తకణములు గట్టునని వారు తలఁచిరి. అది సరికాదని రెమాక్ చూపెను. కణము కణమునుండియే కలుగునని 1855లో విర్కో చాటెను.

ఈ మూఁడవ వాక్యమును దెలుపుటకు మన వంటిల్లు చాలును. తోడు లేక పెరుగు లేదు. తోడులో ఏకకణజీవులైన బాక్టీరియాలు కలవు. ఒకటి రెండై, రెండు నాలుగై, తెల్లవాఱుసరికి లెక్కకు మిక్కిలి యగును. మరుగుచున్న పాలలోఁ దోడు వేసినచో నవి చచ్చును, పాలు తోడుకొనవు. కలకండ పలుకు మఱియొక పలుకును గనదు, ఆహారము గొనదు, చావదు. ఇసుకరేణువును అట్టిదే. తల్లిగర్భమున నొక్క కణముగా మొదలైన శిశువు, ఆ కణము విభజన చెందుటచేతనే యింతవాఁడగుచున్నాఁడు.

పాఠశాలలో ఉల్లిపొరకు రంగు వేసి సూక్ష్మదర్శినిలోఁ జూపునాఁడు, గోడకట్టువలె గదులును, గదిలోఁ జుక్కవలెఁ గేంద్రకమును గనఁబడును. దానిని దప్పక చూచి రమ్మని బిడ్డలకుఁ జెప్పుఁడు. రాత్రి పాలు తోడుపెట్టునపుడు ఆఁడుపిల్లలను, మగపిల్లలను గూడఁ బిలిచి యడుగుఁడు: "మోకాలు గీఱుకొనిన చోటఁ గ్రొత్తచర్మము వచ్చుట కలకండవలెనా, పెరుగువలెనా?" పెరుగువలె నని చెప్పి, యేల యని కూడఁ జెప్పఁగలిగిన బిడ్డకు ఆ పాఠము వచ్చినట్లే.