ఏ లైట్‌హౌసూ చాలని దిగంతం

కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట ఒడ్డున నిలబడి, వేటకు వెళ్తున్న పడవను చూడండి. ముందు పడవ అడుగు కనుమరుగవుతుంది, ఆపైన మనుషులు, చివర్న తెరచాప కొన. భూమి వంపు చేసే పని అది. ఇసుక మీద నిలబడ్డ మనిషికి సముద్రం సుమారు 5 కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది. 30 మీటర్ల ఎత్తు ఎక్కితే చూపు 20 కిలోమీటర్లు పోతుంది. విజయనగరం జిల్లా చింతపల్లిలోనైనా, ఇక్కడైనా లైట్‌హౌస్‌ను ఎత్తుగా కట్టింది ఈ లెక్క మీదే.

విశ్వానికీ దిగంతం ఉంది. అక్కడ ఎత్తు ఎక్కితే లాభం లేదు, ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా అంతే. ఎందుకంటే అడ్డుపడేది వంపు కాదు. గెలాక్సీల మధ్య జాగా సాగుతోంది: 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు దాదాపు 70 కిలోమీటర్ల చొప్పున. దూరం రెట్టింపైతే వేగమూ రెట్టింపు. అలా లెక్కేసుకుంటూ పోతే, 1400 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర అది కాంతి వేగాన్ని అందుకుంటుంది.

దిగంతం ఆ గీత దగ్గరే ఉందనుకుంటారు చాలామంది. కాదు. గీత అవతల బయల్దేరిన వెలుగు మనవైపే నడుస్తున్నా, మొదట్లో మననుంచి దూరమవుతుంది. కానీ ఆ గీత కూడా కాలంతోపాటు బయటికి జరుగుతోంది. అది వెలుగును దాటేసిందంటే, ఇక అక్కడినుంచి వెలుగుదే పైచేయి. ఇప్పుడు మైక్రోవేవ్ కిరణాలుగా అందుతున్న ఆదిమ కాంతినే తీసుకోండి. అది బయల్దేరినప్పుడు ఆ చోటు మనకు 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. రావడానికి 1380 కోట్ల ఏళ్లు పట్టింది!

అసలు దిగంతం 1600 కోట్ల కాంతి సంవత్సరాలు దాటాక ఉంది. దాని అవతలి గెలాక్సీలో ఈ రాత్రి పుట్టిన వెలుగు మన దగ్గరికి ఎన్నడూ రాదు. విస్తరణ జోరు పెరుగుతుండడమే కారణం. పేలే నక్షత్రాలను కొలిచి 1998లో పట్టుకున్న సంగతి ఇది. ఆ గెలాక్సీ పాత వెలుగు మాత్రం వస్తూనే ఉంటుంది.

మరి దిగంతం దాటే గెలాక్సీ మనకు ఎలా కనిపిస్తుంది? పడవలా మాయం కాదు. దీనికి గుంటూరు దాకా వెళ్లాలి. 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం వేళ, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడ సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూస్తే హైడ్రోజన్ గీతలు మెరిశాయి. వాటిలో ఎర్ర గీత తరంగదైర్ఘ్యం 656 నానోమీటర్లు. వెలుగు దారిలో ఉండగా విశ్వం రెండింతలైతే ఆ గీత 1312కి సాగి, కంటికి ఆనని పరారుణంలో పడుతుంది. రంగుతోపాటు కాలమూ సాగుతుంది: అక్కడ 20 రోజుల్లో చల్లారిన నక్షత్ర విస్ఫోటం మనకు 40 రోజులు చల్లారుతుంది. ఇది ఊహ కాదు, సూపర్‌నోవాలలో కొలిచి చూసినదే. దిగంతానికి దగ్గరయ్యేకొద్దీ ఈ సాగుడుకు అంతుండదు. గెలాక్సీలోని గడియారం మందగించి మందగించి నిలిచిపోయినట్టే ఉంటుంది. అది దాటడం మనం ఎన్నటికీ చూడం. ఎర్రబారి, మసకబారి, ఏ పరికరానికీ అందనంత పలచనైపోతుంది.

అక్కడివాళ్లకు మాత్రం ఏమీ జరగదు. బారువ తీరాన నిలబడ్డవాడి దిగంతం వేరు, భీమిలిలో నిలబడ్డవాడి దిగంతం వేరు. ఆ గెలాక్సీవాళ్ల లెక్కలో హద్దు దాటుతున్నది మన పాలపుంత.

ఇదంతా ఒక షరతు మీద: విస్తరణను తోసే డార్క్ ఎనర్జీ తగ్గకుండా ఉండాలి. అమెరికాలోని అరిజోనా నుంచి సాగుతున్న డెసి సర్వే 2025 మార్చిలో ప్రకటించిన ఫలితాల్లో అది కాలంతో బలహీనపడుతోందన్న సూచన ఉంది. ఇంకా నిర్ధారణ కాలేదు. నిజమై, విస్తరణ జోరు ఒకనాటికి తగ్గుముఖం పడితే, ఎన్నడూ రాదనుకున్న వెలుగుల్లో కొన్ని వచ్చేస్తాయి. 1600 కోట్ల లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి.